వెలుగుల వీధి, మూసిన తలుపు

2018వ సంవత్సరము నవంబరు మొదలు మరుసటి జనవరి నడుమ వరకు రేడియో శిక్షణ నిమిత్తమై మేము జర్మనీ దేశమున కొలోను నగరమందు నివసించితిమి. తిరిగి వచ్చిన పిదప మిత్రులందరును అడిగిన ప్రశ్న ఒక్కటే. “క్రిస్మసు నాటికి ఐరోపాలో ఉన్నారట గదా, ఎంత వైభవము చూచినారో!” వైభవము చూచిన మాట నిజము. అయినను ఆ ప్రశ్నకు అవునని తల యూపి ఊరకుండుటకు మనస్సు ఒప్పలేదు. ఆ పండుగ దినములలో మాకు కలిగిన సంతోషమెంతయో, వెలితియు అంతయే. పరదేశమున పండుగ గడపిన మన తెలుగువారిని, విద్యార్థులను గాని, ఓడలపై పనిచేయువారిని గాని కదలించి చూచినచో ఇట్టి మాటయే చెప్పుదురు. ఆ వెలితి ఎక్కడినుండి వచ్చును? చలి వలననా? ఇల్లు దూరమగుట వలననా? మేము క్రైస్తవులము కాము గనుక, మతము వేరగుటయే కారణమని సులువుగా చెప్పివేయవచ్చును. కాని మా వీధిలోనే బసచేసియున్న గుంటూరు ప్రాంతపు క్రైస్తవ విద్యార్థి యొకడు మాకంటె ఎక్కువ దిగులు పడెను. కనుక కారణమును వేరొకచోట వెదకవలసియున్నది.

కొలోను అనగానే మన పెద్దలకు ఓడికొలోను సీసా గుర్తునకు వచ్చును. ఆ సుగంధమునకు పేరు ఈ ఊరినుండియే వచ్చినది. రోమనుల నాటినుండి రైను నది ఒడ్డున వెలసియున్న పట్టణమిది. రైలు దిగి స్టేషను ద్వారము దాటగానే ఎదుట నల్లని కొండవలె కెతీడ్రలు నిలిచియుండును. ప్లాటుఫారము మీదనుండి దేవుని గడపకు రెండు నిమిషముల నడక. దాని నిర్మాణమును 1248లో ఆరంభించిరి. కొన్ని తరములు కట్టిన పిదప పని నిలిచిపోయెను. సగము లేచిన గోపురముపై కొయ్య క్రేను ఒకటి శతాబ్దముల తరబడి అట్లే నిలిచియుండెను. 1842లో మరల పూనుకొని 1880లో ముగించిరి. మన ఊళ్లలో రాజ్యములు పోయినపుడు ఆగిపోయిన మొండిగోపురములను చూచినవారికి ఇది వింతగా తోచదు. 157 మీటర్ల యెత్తున దానిని పూర్తిచేయుట మాత్రము వింతయే.

ఆ కెతీడ్రలులో ప్రధాన పీఠమునకు వెనుక బంగారు రేకులు తాపిన పెద్ద మందసమొకటి ఉన్నది. బాలయేసును చూడవచ్చిన తూర్పు దేశపు జ్ఞానుల అస్థికలు అందున్నవని వారి విశ్వాసము. 1164లో రైనాల్డు అను ఆర్చిబిషప్పు వానిని ఇటలీలోని మిలాను నగరమునుండి తెచ్చెను. అది మొదలు ఊరికి యాత్రికులు వచ్చిరి, యాత్రికుల వెంట వర్తకులు వచ్చిరి. నేటికిని నగర చిహ్నమందు మూడు కిరీటములు కలవు. జ్ఞానులు ముగ్గురని మత్తయి సువార్తలో ఎక్కడను లేదు. కానుకలు మూడు గనుక తెచ్చినవారును ముగ్గురైరి. వారు తూర్పునుండి వచ్చిరన్నది మాత్రము స్పష్టము. అనగా మొట్టమొదటి క్రిస్మసును పరదేశమున గడపినవారు ప్రాగ్దేశీయులే! ఈ మాట మాకు ఆ చలిలో కొంత ఊరట నిచ్చెను.

క్రిస్మసునకు ముందు వచ్చు నాలుగు ఆదివారముల కాలమును అడ్వెంటు అందురు. మన కతోలికులు ఆగమన కాలమని చెప్పుదురు. జర్మనీలో పండుగ సందడి యంతయు ఈ నాలుగు వారములలోనే జరుగును. ఇంటింట పచ్చని కొమ్మలతో చుట్టిన చక్రమువంటి దండపై నాలుగు కొవ్వొత్తులు నిలిపి, వారమునకొకటి చొప్పున వెలిగింతురు. 1839లో హాంబర్గు నగరమున అనాథ బాలుర ఆశ్రమము నడపిన విహెర్ను అను పాదిరి, పండుగ ఎప్పుడని దినదినము ప్రాణము తీయు పిల్లలకు లెక్క తెలియుటకై బండిచక్రముమీద దీపములు నిలిపెననియు, ఈ ఆచారము దానినుండి పుట్టినదనియు చెప్పుదురు. వీధులలో క్రిస్మసు బజారులు వెలయును. ఇవియు ప్రాచీనములే, డ్రెస్డెను నగరపు బజారు 1434 నాటిది. కొలోనులో కెతీడ్రలు పాదముననే నూరుకు పైగా కొయ్య దుకాణములు వరుసగా నిలుచును. తలపై వేలకొలది చిన్నదీపముల పందిరి. సాయంకాలము నాలుగున్నర గంటలకే ప్రొద్దు క్రుంకిపోవును గనుక ఆ దీపములకు ఎంతో విలువ.

ఆ బజారులో మమ్ములను నిలువరించినది దీపములు కావు, వాసన. వేడి ద్రాక్షసారాయములో దాల్చినచెక్క, లవంగము వేసి కాచి కూజాలవంటి కప్పులలో పోసి ఇత్తురు. కప్పు తిరిగి యిచ్చిననే దాని ధరావతు చేతికి వచ్చును. ప్రక్కన ఏలకులు, సోంపు, అల్లము వేసిన తేనె రొట్టెలు. వానిని కొన్ని ప్రాంతములవారు మిరియపు రొట్టెలందురు. మిరియము ఉండనవసరము లేదు. సముద్రము దాటి వచ్చిన సంబారములన్నిటికిని వారు ఒకప్పుడు మిరియమనియే పేరు పెట్టిరి. కన్నులు మూసికొన్నచో అది మా యింటి పోపులపెట్టె. కన్నులు తెరచినచో ఎవరును మనవారు కారు. సంతోషమును దిగులును ఒకే శ్వాసలో లోపలికి పోవుట అన మేమిటో మాకు అక్కడ తెలిసినది.

అయినను ఆ నాలుగు వారములు మాకు ఒంటరితన మనిపించలేదు. బజారు అందరిది. చలికి ఎర్రబడిన ముక్కులతో, పరిచయము లేనివారుకూడ ఎత్తు బల్లచుట్టు నిలిచి పలుకరింతురు. ఊరు ఊరంతయు వీధిలోనే ఉన్నదని భ్రమ కలుగును. మేమును భ్రమపడితిమి. ముందు నాలుగువారములే ఇంత ఘనముగా ఉన్నచో పండుగనాడు ఎట్లుండునో యని ఎదురు చూచితిమి.

23వ తేదీ రాత్రి కెతీడ్రలు ముంగిటి బజారు మూసివేసిరి. 24వ తేదీ మధ్యాహ్నము 2 గంటలకు చట్టము ప్రకారము దుకాణము లన్నియు తలుపులు దించివేసినవి. 25, 26 రెండు దినములును సెలవు. ఈ సంగతి తెలియక మేము పాలు, రొట్టె ముందుగా కొనిపెట్టుకొనలేదు. స్టేషనులోని అంగడి లేకున్నచో పండుగ ఉపవాసమే అయియుండెడిది. నాలుగు గంటలకు వీధిలోనికి వచ్చి చూతుము గదా, ఊరు నిర్మానుష్యము. దీపములు వెలుగుచునే యున్నవి. వాని క్రింద నడచువారు లేరు. కిటికీలలో పసుపు వెలుగు, తెరల వెనుక నీడలు, ఎక్కడనో పియానో చప్పుడు. అప్పుడు గాని మాకు బోధపడలేదు. వారికి వీధిలోని సందడి పండుగకు ముంగిలి మాత్రమే. అసలు పండుగ తలుపు మూసిన తరువాత మొదలగును.

ఈ తలుపు మూయుట వట్టి మాట కాదు. అక్కడి కుటుంబములలో ఆనవాయితీగా చెట్టును అలంకరించిన గదిని పిల్లలు చూడకుండ మూసియుంచుదురు. 24వ తేదీ సాయంకాలము చిన్న గంట మ్రోగును. అప్పుడు తలుపు తెరచి పిల్లలను లోనికి విడుతురు. కానుకలు ఆ రాత్రియే ఇత్తురు, మరునాటి ఉదయము కాదు. తాతలు, మనుమలు, దూరపు ఊళ్లలో ఉద్యోగములు చేయు కొడుకులు అందరును ఆ గంటకు ఇంట నుండవలెను. మనకు సంక్రాంతికి అల్లుడు రాకపోయినచో ఎట్లో, వారికి ఆ సాయంకాలము ఇంటిల్లిపాదిలో ఒకరు లేకున్నచో అట్లు. అట్టి పండుగలో పరాయివానికి చోటు లేకపోవుట ద్వేషము వలన కాదు. ఆ పండుగ నిర్మాణమే అట్టిది. ఇది మేము పిదప తెలిసికొన్న జ్ఞానము. ఆ సాయంకాలము మాత్రము మూసిన తలుపులు లెక్కపెట్టుచు నడచితిమి.

ఎర్రుపాలెములో క్రిస్మసు ఇందుకు పూర్తిగా విరుద్ధము. ఖమ్మము జిల్లా దక్షిణపు అంచున, కాజీపేట నుండి విజయవాడ పోవు రైలుదారిపై మా ఊరు ఉన్నది. జమలాపురము వేంకటేశ్వరస్వామి దర్శనమునకు వచ్చువారు దిగెడి స్టేషను అనిన చాలమందికి గుర్తుండును. ధనుర్మాసములో మా వైపు తెల్లవారుజాము ఎట్లుండునో ఆ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. ఊరిలో గుడి మైకునుండి తిరుప్పావై, పల్లెలో చర్చి మైకునుండి క్రిస్మసు పాట. రెండు మైకులును ఒకదానినొకటి మించవలెనని పంతము పట్టినట్లు మ్రోగును. నడుమ బొగ్గు వ్యాగనుల గూడ్సుబండి వచ్చి రెంటిని కలిపి ముంచివేయును. వెదురు బద్దలకు రంగు గాజుకాగితములు అంటించి, లోపల దీపముపెట్టి, పొడవాటి గడకు నక్షత్రమును కట్టుదురు. డిసెంబరు మొదటినుండి రాత్రులు పాటలబృందము డప్పు, డోలకు, కంజిరలతో ఇంటింటికి తిరుగును. మా చిన్నతనమున ముందు పెట్రోమాక్సు లైటు నడచెడిది. కొత్తవడ్లు దంచిన బియ్యపుపిండితో అరిసెలు. పండుగనాడు చర్చి వాకిట షామియానా వేసి, వచ్చినవారికందరికిని భోజనము. తలుపు అన్న ప్రసక్తియే లేదు. పండుగ మొత్తము వాకిట జరుగును.

గుంటూరు విద్యార్థి దిగులు పడినది దీనికొరకే. అతనికి దేవుడు అక్కడ కూడ దొరకెను, మందిరము దొరకెను, కీర్తనల రాగములు కొన్ని తెలిసినవే దొరకెను. వాకిలి దొరకలేదు.

ఆ రాత్రి గదికి తిరిగివచ్చి, వృత్తి అలవాటుచే రేడియో పెట్టితిమి. హాంబర్గు కేంద్రమైన ఉత్తర జర్మనీ రేడియో 1953 నుండి ప్రతి క్రిస్మసు రాత్రియు ఒక కార్యక్రమము ప్రసారము చేయుచున్నది. ఓడమీది వారికి వందనము అని దాని పేరునకు అర్థము. సముద్రములపై పండుగ గడపు నావికులకు వారి భార్యలు, పిల్లలు, తల్లులు తమ గొంతుతో పలుకు కబురులే ఆ కార్యక్రమము. ఇప్పుడు ఓడలలో ఫోనులున్నవి, ఇంటర్నెటు ఉన్నది, అయినను మానలేదు. మామూలు దినములలో షార్టువేవు ప్రసారములు లేకున్నను, ఇటీవలి సంవత్సరములలో ఆ యొక్క రాత్రికి షార్టువేవు తరంగములను అద్దెకు తీసికొని మరీ పంపుచున్నారు. మాకు జర్మను భాష అంతంతమాత్రము. ఒక చిన్నపిల్ల “నాన్నా” అని పిలిచి, చెప్పదలచినది మరచిపోయి ఊరకుండిపోగా, ఆ నిశ్శబ్దమును తీసివేయక అట్లే ప్రసారము చేసిరి. ఇరువది యేండ్లుగా మైకు ముందు కూర్చుండు మాకు అట్టి నిశ్శబ్దమును ఉంచివేయు ధైర్యము ఎన్నడును కలుగలేదు.

అర్ధరాత్రి ఆరాధనకు కెతీడ్రలుకు పోతిమి. ఎవరివని ఎవరును అడుగలేదు; ఆ తలుపు తెరచియే యున్నది. పీటరు గంట యని వారు పిలుచునది 24 టన్నుల బరువు, 1923లో పోతపోసినది, పెద్దపండుగలకు మాత్రమే మ్రోగింతురు. ఆ పండుగకు మ్రోగిన దాని నాదము చెవులతో గాక కాళ్లతో వినవలసి యుండెను. పది నిమిషములలో అంతటి జనమును మరల ఇండ్లలోనికి ఇంకిపోయిరి. మేము మెట్లపై నిలిచి ఎర్రుపాలెములోని చిన్ననాటి స్నేహితునికి ఫోను చేసితిమి. అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర దాటియున్నది. మొదటి ఆరాధనకు లేచి స్నానము చేసి యుండునని తెలియును.

“ఏరా, ఎట్లుంది అక్కడ పండగ?” అని అతడు అడిగెను.

“అందరూ ఇళ్లలోకి పోయి తలుపులేసుకున్నార్రా. నేనొక్కణ్ణే బయట నిలబడ్డా.”

అతడు నవ్వెను. “మా పండక్కి గూడా ఇన్నేళ్ల నుంచీ నువ్వు బయటే నిలబడ్డావు గదరా!”

పరిహాసముగా అన్న మాటయే. వెంటనే మా ఆరోగ్యము, అక్కడి మంచు, టిక్కెట్టు ధర అడిగి ఫోను పెట్టివేసెను. మేము మాత్రము ఆ మెట్లపై చాలసేపు నిలిచియుంటిమి.

చిన్నతనమున ప్రతి క్రిస్మసునకు ఆ స్నేహితుడు మా యింటికి ఒక స్టీలు డబ్బాలో అరిసెలు తెచ్చి ఇచ్చెడివాడు. మా తల్లిగారు చిరునవ్వుతో పుచ్చుకొనెడిది. ఇచ్చిన గిన్నె వట్టిది పంపరాదు గనుక డబ్బాలో కందిపప్పో, బెల్లమో పోసి తిరిగి ఇచ్చెడిది. అతడు వీధి మలుపు తిరిగిన పిదప ఆ అరిసెలు గేదె కుడితితొట్టిలో పడెడివి. ఆమె చెడ్డమనిషి కాదు. ఆ వీధిలో ఏ తల్లియైనను ఆ కాలమున అట్లే చేసెడిది. మేమును చూచుచుండితిమి. తినవలెనని నోరూరినను తినలేదు. మాకు పండ్రెండేండ్లు వచ్చుసరికి నోరూరుట కూడ మానివేసినది. పల్లెలోని షామియానా క్రింద అందరికిని భోజనమని పైన వ్రాసితిమి. ఆ “అందరు” అన్న మాటలో మేమెన్నడును లేము. వారు పిలువక కాదు.

ఇట్టి గడపను గూర్చి మా రైలుదారి మీదివాడే యొకడు వందేండ్లకు పూర్వము ఐరోపా నగరములో నిలిచి మాటలాడియున్నాడు. వేదనాయకము సామ్యేలు అజరయ్య తిరునెల్వేలి ప్రాంతమున 1874లో జన్మించిన తమిళుడు. ఆ ప్రాంతపు భారతీయ క్రైస్తవులు 1903లో తమ సొంత మిషనును స్థాపించుకొని, పనికై తెలుగుదేశమున డోర్నకల్లును ఎన్నుకొనిరి. అజరయ్య 1909లో గురుపట్టము పొంది డోర్నకల్లునకు వచ్చెను. మరుసటి యేడు, 1910లో, స్కాట్లండులోని ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అందు ఆయన దొరల ముఖముననే ఒక మాట చెప్పెను. మీరు మాకు ధనమిచ్చితిరి, ప్రాణములును ఒడ్డితిరి. మాతో స్నేహము మాత్రము చేయలేదు, మాకు కావలసినది స్నేహము అని దాని సారాంశము. భారతీయ సహోద్యోగిని ఇంటికి పిలిచి ఒక పూట భోజనము పెట్టిన మిషనరీలు ఎందరని ఆయన బాధ. సభలో కొందరు చప్పట్లు కొట్టిరి, కొందరు నొచ్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన డోర్నకల్లు బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. ఆయన మేత్రాసనములోని క్రైస్తవులలో అత్యధికులు ఊరికి వెలిగా నున్న పల్లెల కూలివారు. గడపకు ఈవల నిలుచుట ఎట్టిదో వారికి ఎడింబరో పోకుండగనే తెలియును.

25వ తేదీ ఉదయము గది తలుపు తీయగా గుమ్మము ముందు చాపపై కాగితము కప్పిన పళ్లెమొకటి కనబడెను. అందు నక్షత్రములు, చంద్రవంకల ఆకారమున కాల్చిన బిస్కత్తులు, ఒక కమలాపండు, నాలుగు అక్రోటుకాయలు. క్రింది అంతస్తులోని ముసలావిడ పెట్టినదని తరువాత తెలిసినది. గంట నొక్కలేదు, పిలువలేదు. మాకు మొదట కోపమే వచ్చినది. భిక్షకునికి పెట్టినట్లు గుమ్మము వెలుపల పెట్టిపోవుట యేమి?

అయినను పళ్లెము వట్టిది తిరిగి ఇచ్చుట తెలుగువాని చేత కాదు. 26వ తేదీ నిమ్మకాయ పులిహోర కలిపి, పళ్లెములో పోసికొని క్రిందికి దిగితిమి. ఆమెకు ఎనుబది యేండ్లుండును. లోనికి రమ్మని, కుర్చీ చూపి, మా యెదుటనే ఒక ముద్ద ముళ్లగరిటెతో తీసి నోట పెట్టుకొనెను. పచ్చిమిరపకాయ ముక్క తగిలి కన్నుల నీరు కారుచుండగా “చాల బాగున్నది” అనెను. ఆ అబద్ధమునకు మేము ఎంతో ఋణపడియున్నాము. గంట ఎందుకు నొక్కలేదని వచ్చీరాని భాషలో అడిగితిమి. ఆమె ఆశ్చర్యపడెను. పండుగ సాయంకాలము ఒకరి గంట నొక్కుట మర్యాద కాదట. మేమును లోపల మా వారితో ఫోనులోనైనను మాటలాడుచుందుము గదా, దానిని చెరుపరాదని చెప్పుల చప్పుడు కాకుండ పెట్టి పోయినదట. మేము బయటికి తోయబడితిమని తలచినది ఆమె దృష్టిలో మా ఏకాంతమునకు చూపిన గౌరవము. ముందుగా పిలువక పోరాదు, పోగోరినవారు వారముల ముందే మాట తీసికొనవలెను, ఇది వారి రీతి. మనము మాత్రము బొట్టుపెట్టి పిలువనిదే పేరంటమునకు పోదుమా?

మాటలలో ఆమె యుద్ధము తరువాతి చలికాలమును గూర్చి చెప్పెను. 1942 మే 30వ తేదీ రాత్రి వేయి విమానములు ఒక్కుమ్మడి కొలోనుపై బాంబులు కురిసినవి. యుద్ధము ముగియునప్పటికి నడిబొడ్డున కెతీడ్రలు తప్ప దాదాపు ఏమియు నిలువలేదు. 1946 డిసెంబరున భరింపరాని చలి, పొయ్యిలోనికి బొగ్గు లేదు. ఆ యేటి కడపటి రాత్రి కార్డినలు ఫ్రింగ్సు తన ప్రసంగములో, పనిచేసియో అడిగియో సంపాదింప వీలుకానప్పుడు ప్రాణము నిలుపుకొనుటకు అవసరమైనంత తీసికొనుట తప్పు కాదని చెప్పెను. జనులు దానిని రైలుబొగ్గునకు అన్వయించుకొనిరి. బొగ్గుపెళ్లలు అట్లు తెచ్చుకొనుటకు ఆయన పేరుమీదనే “ఫ్రింగ్సు చేయుట” అను క్రియాపదము పుట్టి నిఘంటువులకు ఎక్కినది. ఎనిమిదేండ్ల పిల్లగా తానును తమ్మునితో సంచి పట్టుకొని పట్టాల వెంట పోయినానని ఆమె నవ్వుచు చెప్పెను. మేమును మా స్నేహితుడును స్టేషను యార్డులో సింగరేణి బొగ్గు పెళ్లలు ఏరి తట్టలో వేసికొన్న సంగతి చెప్పితిమి. బొగ్గు ఏరునప్పుడు మాకు అంటు లేదు. అరిసెలకే ఉన్నది. ఈ రెండవ మాట ఆమెకు చెప్పుటకు మాకు భాష చాలలేదు. భాష వచ్చియున్నను చెప్పియుందుమో లేదో.

ఆమెయే మమ్ములను రైను ఒడ్డున నున్న సెయింటు మరియా లిస్కిర్షెను చర్చికి పొమ్మనెను. అక్కడ పశువులతొట్టి కొలువులో గొల్లలకు బదులు ఆ రేవు వీధుల మనుష్యులే, ఇండ్లు లేనివారు, వేశ్యలు, వలస వచ్చినవారు, బొమ్మలై నిలిచియుందురు. మన బొమ్మలకొలువులో సెట్టి, సెట్టెమ్మ ఉందురు గాని ఊరి వెలుపలివారు అరుదు.

జనవరి 6వ తేదీ జ్ఞానుల పండుగ, ఎపిఫనీ అందురు. ఆ దినములలో పిల్లలు రాజుల వేషములు వేసికొని, కర్రకు నక్షత్రము కట్టుకొని, పాడుచు ఇంటింటికి వత్తురు. అన్ని తలుపులు తెరచుకొనును. ఇతర దేశముల పిల్లల సహాయార్థము డబ్బు పోగుచేయుదురు. 1959 నుండి ఇది దేశవ్యాప్తముగా సాగుచున్నది. పోవునపుడు ద్వారబంధము పైకమ్మిపై సుద్దముక్కతో ఆ సంవత్సరపు అంకెలు, వాని నడుమ మూడు అక్షరములు వ్రాయుదురు. అవి ముగ్గురు జ్ఞానుల పేర్లకు మొదటి అక్షరములని కొందరు, క్రీస్తు ఈ యింటిని దీవించుగాక అను లాటిను వాక్యమునకు గుర్తులని కొందరు చెప్పుదురు. మా గది తలుపుమీద కూడ వ్రాసిపోయిరి. మనము గడపకు పసుపు పూయుదుము, వారు పైకమ్మికి సుద్ద పెట్టుదురు. ఎర్రుపాలెములో పెట్రోమాక్సు వెంట నడచిన పాటలబృందమునకు ఇది అన్నదమ్ముల బిడ్డయే. పండుగకు ముందు గాక తరువాత వచ్చినది, అంతే భేదము.

2022-23లో జర్మను విశ్వవిద్యాలయములలో భారతీయ విద్యార్థులు 42 వేలకు మించియుండిరి. విదేశీయులలో మొదటి స్థానము వారిదే. అందు మన పిల్లలు కొల్లలు. హాస్టలు వంటగదిలో కుక్కరుపెట్టి పండుగ చేసికొనువారు, తమ అంతస్తులోని ఇతర దేశస్థులను ముందే పిలిచి ఉంచుకొనుట మేలు. 24వ తేదీ సాయంకాలము తలచుకొన్నచో ఆలస్యమగును.

తిరుగు ప్రయాణమున హైదరాబాదునుండి రైలులో వచ్చుచు, ఎన్నడును దిగని డోర్నకల్లులో దిగితిమి. అక్కడి కెతీడ్రలు పేరు ఎపిఫనీ కెతీడ్రలు. 1939 జనవరి 6న, అనగా జ్ఞానుల పండుగనాడే, ప్రతిష్ఠ జరిగినది. దేవాలయ మండపములవంటి స్తంభములు, మసీదులవంటి గుమ్మటములు, మినారులు. ఈ నేల మీద ఎవరు ఎట్లు కట్టుకొన్నను అవన్నియు ఇందు చోటు చేసికొనవలెనని అజరయ్య కోరిక. ఆయన 1945 జనవరి 1న కన్నుమూసెను. కొలోను కెతీడ్రలును చూచుటకు మార్గదర్శి పుస్తకము కొని రెండుమార్లు చదివినవారము, మా రైలుదారి మీది దీనిని నలుబదియేండ్లు కిటికీలోనుండి కూడ చూడలేదు.

2019 డిసెంబరు 25న ఎర్రుపాలెములో మా స్నేహితుని యింటికి పోతిమి. పిలుపు ఎప్పటివలెనే వచ్చినది. చాప పరచిరి. అతని తల్లిగారు ఇప్పుడు బాగుగా వంగిపోయినది. చేతిలో ఒక విస్తరియు, ఒక కంచమును పట్టుకొని వంటయింటి గుమ్మము కడ నిలిచి, మా వంక గాక కొడుకు వంక చూచుచు అడిగెను.

“విస్తరి వేయమంటావా, కంచంలోనే పెట్టమంటావా?”

“కంచంలోనే పెట్టు అత్తా” అంటిమి.

ఆమె అరిసెలు వడ్డించి, మేము మొదటిది కొరికి నమలువరకు అక్కడనే నిలుచుండెను.